ముప్పై పేర్లు కంఠస్థమైనా వాక్యంలో అలంకారం ఎందుకు దొరకదు?

మీరు డిగ్రీ రెండో సంవత్సరంలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నారనీ, ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ పేర్లు ముప్పై దాకా నిర్వచనాలతో సహా అప్పచెప్పగలరనీ, తీరా పరీక్షలో ఒక పేరా ఇచ్చి అందులోని అలంకారాలను గుర్తించమంటే చేయి ఆడదనీ రాశారు. మెటఫర్, మెటానమీ, సినెక్డకీ అన్నీ ఒకటిగానే కనిపిస్తున్నాయన్నారు. వీటిని పదో తరగతిలో చదివిన తెలుగు అలంకారాలతో జతపరచి గుర్తుపెట్టుకోవచ్చా అనీ అడిగారు. డిగ్రీ కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠమే చెప్పినవాణ్ణి కనుక కొంచెం విస్తరించి సమాధానం రాస్తున్నాను. జతపరచవచ్చు, అది చాలావరకు పనికివస్తుంది కూడా. అయితే ఏ చోట పనికిరాదో తెలుసుకోకుండా జతపరిస్తే ఉన్న గందరగోళానికి ఇంకొకటి తోడవుతుంది.

ముందుగా గ్రహించవలసింది, ఇంగ్లీషు పుస్తకాల్లో ఒకే జాబితాగా కనిపించే ఈ పేర్లు ఒక ఇంట పుట్టినవి కావు. మన అలంకారశాస్త్రం కావ్యాన్ని ముందు పెట్టుకొని పుట్టింది. పద్యంలో చమత్కారం ఎక్కడుందన్నది దాని ప్రశ్న. గ్రీకు, రోమన్ దేశాల్లో ఈ శాస్త్రం ఎక్కువగా న్యాయస్థానాల్లో, ప్రజాసభల్లో పెరిగింది. ఎదుటివారిని ఒప్పించడం ఎలాగన్నది దాని ప్రశ్న. అరిస్టాటిల్ వక్తృత్వం మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు, సిసిరో స్వయంగా న్యాయవాది, క్వింటిలియన్ వక్తలను తయారుచేసే గురువు. కాబట్టి మీ జాబితాలో సిమిలీ, మెటఫర్ వంటి వాటి పక్కనే అనాఫరా, యాంటీథెసిస్ వంటి వేదిక మీది పనిముట్లు కలిసిపోయి ఉంటాయి. మొదటి రకానికి మన దగ్గర చక్కని పేర్లున్నాయి. రెండో రకానికి మన బడి పుస్తకాల్లో పేర్లు దొరకడం అరుదు, మీరు తడబడేది ఎక్కువగా అక్కడే.

గ్రీకు పేర్లు నోరు తిరగవని బాధపడే మొదటి తరం మనది కాదు. 1589లో జార్జ్ పుటెన్‌హామ్ అనే ఇంగ్లీషువాడు కవిత్వం మీద రాసిన పుస్తకంలో వీటన్నిటికీ అచ్చమైన ఇంగ్లీషు పేర్లు పెట్టడానికి ప్రయత్నించాడు. ఐరనీకి ‘డ్రై మాక్’ అన్నాడు, అంటే తడి లేని వెక్కిరింత. హైపర్బొలీకి ‘లౌడ్ లయర్’ అన్నాడు, అంటే గొంతు చించుకొనే అబద్ధాలరాయుడు. ఆ పేర్లు నిలవలేదు గాని, నా విద్యార్థులకు నిర్వచనాల కంటే అవే బాగా గుర్తుండేవి.

ఇక గుర్తించే పద్ధతికి వద్దాం. ఇంగ్లీషు అలంకారికులు ట్రోప్ అనీ, స్కీమ్ అనీ రెండు వర్గాలు చేశారు. మాట తన అసలు అర్థాన్ని విడిచి వేరే అర్థంలోకి మళ్లితే ట్రోప్. మాట అర్థం మారకుండా దాని అమరిక, ఆవృత్తి, ధ్వని ప్రత్యేకంగా ఉంటే స్కీమ్. దీనికి మన అర్థాలంకార, శబ్దాలంకార విభజన సరిగ్గా అతకదు గాని, దాన్ని తేల్చడానికి మనవాళ్లు చెప్పిన పరీక్ష మాత్రం ఇక్కడా పనిచేస్తుంది. వాక్యంలోని మాట తీసేసి అదే అర్థమున్న వేరే మాట పెట్టండి. అలంకారం నిలిస్తే అది అర్థాన్ని ఆశ్రయించినది, పోతే శబ్దాన్నీ అమరికనూ ఆశ్రయించినది. పోతనగారి ‘లేమా! దనుజుల గెలువగ లేమా!’లో మొదటి ‘లేమా’ బదులు ‘పడతీ’ అని పెట్టి చూడండి, యమకం మాయమవుతుంది. రాబర్ట్ బర్న్స్ తన ప్రేమను ఎర్ర గులాబీతో పోల్చిన చోట గులాబీకి ఏ భాష మాట పెట్టినా పోలిక చెక్కుచెదరదు.

సిమిలీ మన ఉపమ. ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అన్న నాలుగు భాగాలు మీకు తెలిసే ఉంటాయి. ఇంగ్లీషు విమర్శలో ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో మెటఫర్‌ను విడదీస్తూ టెనర్, వెహికిల్ అన్న మాటలు ప్రవేశపెట్టాడు; అవి దాదాపు మన ఉపమేయ, ఉపమానాలే. అయితే ‘లైక్’ గాని ‘యాజ్’ గాని కనబడగానే సిమిలీ అని రాసేయకూడదు. ‘ఆమె వాళ్లమ్మలా ఉంటుంది’ అన్నది ఉన్న సంగతి చెప్పడం, అలంకారం కాదు. గవయమృగం ఆవులా ఉంటుందంటే అందులో ఉపమాలంకారం లేదని మన ఆలంకారికులు ఏనాడో అన్నారు, ఎందుకంటే అక్కడ పోలిక ఉంది గాని చమత్కారం లేదు.

మెటఫర్‌ను రూపకం అని చెప్పుకోవడం వాడుకే గాని, మెటఫర్ రూపకం కంటే పెద్దది. జూలియట్ సూర్యుడు అని రోమియో అంటే అది రూపకమే, రెండూ పైకి కనబడుతున్నాయి. కోపంతో ‘ఉడికిపోయాడు’ అన్నప్పుడు ఉపమానం పేరే లేదు, ఒక క్రియాపదం మొత్తం పోలికను మోస్తోంది. ఇంగ్లీషువాళ్లు దీన్నీ మెటఫర్ అనే అంటారు. మన ‘కుర్చీ కాళ్లు’, ‘సీసా మూతి’ వంటివి వాడివాడి పోలిక అరిగిపోయిన మెటఫర్లు, పరీక్షలో వాటిని ఎత్తి చూపనవసరం లేదు.

మెటానమీ దగ్గర మీకు కలిగిన అయోమయం న్యాయమైనదే. దీనికి ఉపమ, రూపకాల వైపు వెతకకుండా లక్షణ వైపు, అంటే అసలు అర్థం కుదరనప్పుడు మాట దానితో సంబంధమున్న వేరే అర్థాన్ని సూచించే పద్ధతి వైపు, వెళ్లండి. ‘గంగాయాం ఘోషః’ అన్న ఉదాహరణ మీ తెలుగు అధ్యాపకులను అడిగితే చెబుతారు. గంగలో గొల్లపల్లె అంటే నీటి మీద పల్లె అని కాదు, గంగ ఒడ్డున అని. గంగకూ ఒడ్డుకూ పోలిక ఏమీ లేదు, పక్కపక్కన ఉండటమే సంబంధం. మెటానమీ ప్రాణం అదే: పోలికతో కాకుండా సంబంధంతో ఒక మాట ఇంకొకదానికి బదులు నిలబడటం. ‘ఢిల్లీ ఒప్పుకోలేదు’ అంటే కేంద్ర ప్రభుత్వం, ‘ఊరంతా నిద్రపోయింది’ అంటే ఊళ్లో జనం. ఈ సంబంధం అవయవానికీ మొత్తానికీ మధ్య ఉంటే సినెక్డకీ. ‘నాలుగు చేతులు పడితే పని తెమిలిపోతుంది’ అన్నప్పుడు మనకు కావలసింది మనుషులు, చెప్పింది చేతులు. సినెక్డకీని మెటానమీలో ఒక రకంగా లెక్కించే పండితులూ ఉన్నారు కనుక ఈ రెండింటి మధ్య హద్దు గురించి అంతగా మథనపడవద్దు. మెటఫర్‌కూ మెటానమీకీ మధ్య హద్దు మాత్రం తప్పక పట్టుకోవాలి. రెండు వస్తువులనూ పక్కన పెట్టి మధ్యలో ‘లా’ చేర్చి చూడండి. జూలియట్ సూర్యుడిలా ఉంది అంటే అర్థం కుదురుతుంది, అది మెటఫర్. ప్రభుత్వం ఢిల్లీలా ఉంది అంటే నవ్వు వస్తుంది, అది మెటానమీ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. షేక్స్‌పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో ఆంటొనీ ప్రసంగం మొదటి పాదంలో ‘లెండ్ మీ యువర్ ఇయర్స్’ అంటాడు. అందులో ఏ అలంకారముందని పరీక్షలో అడిగితే ఒక విద్యార్థి మెటఫర్ అని రాశాడు. నేను కొట్టేసి మెటానమీ అని ఎర్ర సిరాతో దిద్దాను. అతను కాగితం పట్టుకొని వచ్చి, చెవులు మెటానమీయే కావచ్చు గాని వాటిని అప్పుగా ఇమ్మనడం ఏమిటండీ అని అడిగాడు. అతని మాటే సరి. చెవి అంటే వినడం, అది సంబంధం. వినడాన్ని అప్పు ఇచ్చి తిరిగి పుచ్చుకొనే సొమ్ముగా భావించడం పోలిక. నాలుగు మాటల్లో రెండు అలంకారాలు ఉన్నాయి. అప్పటి నుంచి ‘ఈ వాక్యంలో ఉన్న అలంకారం’ అని ఏకవచనంలో ప్రశ్న వేయడం మానుకున్నాను.

అసలు మీరు ముప్పై ఉదాహరణలు ముప్పై చోట్ల నుంచి ఏరుకొని చదవడం కంటే ఆ నాటకం మూడో అంకం రెండో రంగం ఒక్కటి వారం రోజులు చదివితే ఎక్కువ లాభం. ఒకే చావు గురించి, ఒకే జనానికి, ఇద్దరు మాట్లాడతారు. ముందు సీజర్‌ను చంపినవారిలో ఒకడైన బ్రూటస్ వచనంలో మాట్లాడతాడు, తరువాత సీజర్ మిత్రుడు ఆంటొనీ ఛందస్సులో.

బ్రూటస్ చెప్పిన ఒక వాక్యం చూడండి. సీజర్ నన్ను ప్రేమించాడు కనుక అతని కోసం ఏడుస్తున్నాను. అదృష్టవంతుడు కనుక సంతోషిస్తున్నాను. పరాక్రమవంతుడు కనుక గౌరవిస్తున్నాను. కాని అతను అధికారకాంక్షి కనుక చంపాను. ఇంగ్లీషులో ప్రతి ఖండమూ ‘యాజ్’తోనే మొదలవుతుంది, చివరి దానికి మాత్రం ముందు ఒక ‘బట్’ చేరుతుంది. మొదట్లో ఒకే మాట మళ్లీమళ్లీ రావడం అనాఫరా, ఖండాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండటం పారలలిజం, చివరి ఖండం ముందు మూడింటికి ఎదురు తిరగడం యాంటీథెసిస్. పేర్లు చెప్పగానే పని అయిపోయిందనుకోకూడదు. ప్రేమకు కన్నీరు, అదృష్టానికి ఆనందం, శౌర్యానికి గౌరవం అన్నవి లోకం ఒప్పుకొనే జంటలు. మూడు సార్లు తల ఊపిన జనం నాలుగోసారి కూడా అదే ఊపులో తల ఊపుతారు. ఆంబిషన్‌కు తగిన ప్రతిఫలం చావేనా అని అడిగే వ్యవధి వాక్యం వాళ్లకు ఇవ్వదు. రుజువు ఉండవలసిన స్థానంలో వాక్య నిర్మాణం కూర్చుంది. ఆ ఊపులోనే జనంలో ఒకడు ఇతణ్ణే సీజర్‌ను చేద్దాం అని కేక వేస్తాడు. రాజు కావాలనుకున్నాడని ఒకణ్ణి చంపినవాడికి జనం అదే పదవి ఇవ్వబోవడం సిచుయేషనల్ ఐరనీకి నేను తరగతిలో చెప్పిన ఉదాహరణలన్నిటిలోకీ మంచిది.

ఆంటొనీ ‘ఫ్రెండ్స్, రోమన్స్, కంట్రిమెన్’ అని మొదలుపెడతాడు. ఇంగ్లీషు ఉచ్చారణలో మొదటి మాట ఒక అక్షరం, రెండోది రెండు, మూడోది మూడు. ఇలా మూడుగా పేర్చడం ట్రైకోలన్, పోనుపోను పొడవు పెరగడం దానికి బలం. సీజర్‌ను పొగడటానికి రాలేదు, పాతిపెట్టడానికి వచ్చానంటాడు, ప్రసంగం పొడవునా పొగుడుతాడు. వీలునామా చదవననీ, అందులో ఏముందో మీకు తెలియకపోవడమే మంచిదనీ అంటూ అందులో ఏదో ఉందని వాళ్ల చేతే అడిగిస్తాడు. చెప్పనంటూ చెప్పడాన్ని పారలిప్సిస్ అంటారు. చివరికి చదివేటప్పటికి ప్రతి రోమన్ పౌరుడికీ 75 డ్రాక్మాలు రాసి ఉన్నాయని తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం ‘బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్’ అన్న పల్లవి. మొదటిసారి ఆ మాట విన్నవాడికి అందులో వ్యంగ్యం కనిపించదు. బ్రూటస్ అనుమతితో మాట్లాడుతున్నవాడు మర్యాదగా అనవలసిన మాటే అది. తరువాత సీజర్ యుద్ధబందీల విడుదల సొమ్ముతో ఖజానా నింపాడని చెప్పి, ఇదేనా ఆంబిషన్ అని అడిగి, మళ్లీ అదే మాట అంటాడు. పేదలు ఏడిస్తే సీజర్ ఏడ్చాడని చెప్పి, మళ్లీ అదే మాట. మూడుసార్లు కిరీటం ఇవ్వబోతే మూడుసార్లూ కాదన్నాడని చెప్పి, మళ్లీ. వాక్యం మారలేదు, దాని ముందు పేర్చిన సాక్ష్యాలు మారాయి, అందువల్ల ‘ఆనరబుల్’ అన్న మాట లోపలి నుంచి కుళ్లుతూ వచ్చింది. కాసేపటికి గుంపులో ఒకడు వాళ్లు ద్రోహులు, ఆనరబుల్ మెన్ అట అని తానే ఉమ్మేస్తాడు. ఆంటొనీ బ్రూటస్‌ను ద్రోహి అనకముందే జనం అన్నారు. దీన్ని వెర్బల్ ఐరనీ అంటారు. మన వ్యాజస్తుతితో, అంటే పైకి పొగడ్త లోపల నిందగా ఉండే పద్ధతితో, దీనికి దగ్గరి చుట్టరికం ఉంది. తేడా ఏమిటంటే వ్యాజస్తుతి సాధారణంగా ఒక పద్యంలో ఒకేసారి మెరుస్తుంది, ఇక్కడ వ్యంగ్యం ఆవృత్తి మీద నెమ్మదిగా ఎక్కుతుంది. ఇదే ప్రసంగంలో ఆంటొనీ వివేకాన్ని మనిషిలా పిలిచి, నువ్వు ‘బ్రూటిష్’ మృగాల దగ్గరికి పారిపోయావా అంటాడు. లేనిదాన్ని ఎదురుగా ఉన్నట్టు పిలవడం అపాస్ట్రఫీ, ‘బ్రూటిష్’లో బ్రూటస్ పేరు వినిపించడం పన్, మన శ్లేషకు చుట్టం. అది యాదృచ్ఛికం కాదనే నా నమ్మకం.

ధ్వనికి సంబంధించిన వాటిలో అలిటరేషన్, అంటే దగ్గరదగ్గర మాటలు ఒకే ధ్వనితో మొదలవడం, ఒక్కటి జాగ్రత్తగా చూడండి. వృత్త్యనుప్రాసం అని సమాధానం రాస్తే తప్పు కాదు, కాని ఇంగ్లీషులో కళ్లతో వెతికితే దొరకదు, చెవితో వెతకాలి. ‘సిటీ’, ‘క్యాట్’ రెండూ సి అక్షరంతోనే మొదలైనా అక్కడ అలిటరేషన్ లేదు. ‘ఫోన్’, ‘ఫ్యాన్’ స్పెల్లింగులు వేరైనా అక్కడ ఉంది. పలికినట్టే రాసుకొనే లిపికి అలవాటుపడిన మనకు ఇది నిజానికి సులువు కావాలి. ఇంకొక సంగతి చాలా మంది తెలుగు విద్యార్థులకు ఎవరూ చెప్పరు. వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఇంగ్లీషు పద్యంలో అలిటరేషన్ అలంకారం కాదు, ఛందోనియమం. ప్రతి పాదం రెండు సగాలుగా ఉండి, రెండో సగంలో ఊనికపడే మొదటి అక్షరం మొదటి సగంలోని ధ్వనితో కలవాలి. యతిస్థానం ఎరిగినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు. అచ్చుల విషయంలో మాత్రం వాళ్ల నియమం సడలింపు ఎక్కువ, ఏ అచ్చుకు ఏ అచ్చయినా చెల్లుతుంది; మన స్వరయతిలో మైత్రి ఉన్న అచ్చులకే చెల్లు.

చిన్నవాటిని త్వరగా ముగిస్తాను. లైటొటీస్ అంటే వ్యతిరేకాన్ని కాదనడం ద్వారా గట్టిగా అవుననడం. ‘వాడు తక్కువవాడేం కాదు’ అని మనం రోజూ అంటూనే ఉంటాం. యూఫమిజం అంటే చేదు మాటకు తీపి పూత; పోయారు అనలేక ‘కాలం చేశారు’ అంటాం, దీపం ఆరిందనలేక ‘కొండెక్కింది’ అంటాం. ఆక్సిమోరాన్, పారడాక్స్ రెండూ మన విరోధాభాస పరిధిలోనివే. మొదటిది పక్కపక్క మాటల్లో ఉంటుంది, రెండోది పూర్తి వాక్యంలో ఉంటుంది, మనిషికి తండ్రి శిశువే అన్న వర్డ్స్‌వర్త్ పాదంలాగా. జ్యూగ్మా అంటే ఒకే క్రియ రెండు పొసగని కర్మలను మోయడం. అలెగ్జాండర్ పోప్ ఒక రాణి గురించి, ఒకప్పుడు సలహా పుచ్చుకొంటుంది, ఒకప్పుడు టీ పుచ్చుకొంటుంది అన్న అర్థంలో ఒకే క్రియతో చమత్కరించాడు. ‘పెళ్లికి వెళ్లి భోజనమూ తిట్లూ రెండూ తిని వచ్చాడు’ అంటే అచ్చంగా అదే.

హైపర్బొలీ మన అతిశయోక్తి. దానికి 1947 ఆగస్టు 14 రాత్రి నెహ్రూ చేసిన ప్రసంగాన్ని చూడవచ్చు. అర్ధరాత్రి గంట కొట్టే వేళ లోకమంతా నిద్రిస్తుండగా భారతదేశం మేల్కొంటుందన్నాడు. దేశం మేల్కొనడం పర్సానిఫికేషన్, నిద్రకూ మెలకువకూ యాంటీథెసిస్. లోకమంతా నిద్రిస్తోందన్నది అతిశయోక్తే, ఎందుకంటే ఢిల్లీలో అర్ధరాత్రి అయితే లండన్‌లో సాయంత్రం, న్యూయార్క్‌లో మధ్యాహ్నం. ఆ లెక్క అప్పుడు సభలో కూర్చున్నవారికి తెలియక కాదు, ఆ క్షణంలో ఎవరికీ పట్టలేదంతే.

ఇప్పుడు తెలుగుతో జతపరచడం ఎక్కడ బెడిసికొడుతుందో చెబుతాను. 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో ఎడ్వర్డ్ ఎవరెట్ రెండు గంటలు మాట్లాడిన తరువాత లింకన్ లేచి సుమారు 270 మాటల్లో ముగించాడు. అందులో ఈ నేలను అంకితం చేయలేము, పవిత్రం చేయలేము, పూజ్యం చేయలేము అన్న చోట ఇంగ్లీషులో ‘వి కెన్ నాట్’ అన్న మాటలు మూడుసార్లు మొదట్లో వస్తాయి కనుక అనాఫరా, మధ్యలో ‘అండ్’ లేదు కనుక అసిండిటన్. ఇదే తెలుగులో చెబితే ‘చేయలేము’ అన్నది చివరికి వెళ్లిపోయింది చూశారా! అంతకంటే ప్రసిద్ధమైనది ‘ఆఫ్ ది పీపుల్, బై ది పీపుల్, ఫర్ ది పీపుల్’. చివరి మాట ఒకటే, ముందున్న విభక్తి మారుతోంది. దీన్ని ఎపిస్ట్రఫీ అంటారు. మన సివిక్స్ పుస్తకంలో అది ‘ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు’ అయింది. మన విభక్తి నామం తరువాత వస్తుంది కనుక ఆవృత్తి కావలసిన మాట ముందుకు జరిగింది, ఎపిస్ట్రఫీ కాస్తా అనాఫరా అయి కూర్చుంది. మన క్రియ వాక్యాంతంలో ఉంటుంది కనుక మూడు వాక్యాలు ఒకే క్రియతో ముగియడం తెలుగులో మామూలు సంగతి, ఎవరి చెవికీ ప్రత్యేకంగా వినిపించదు. ఇంగ్లీషులో అది ప్రయత్నపూర్వకం, అందువల్లే దానికి ఒక పేరు. పేరాను మనసులో తెలుగు చేసుకొని అలంకారం వెతికే అలవాటు మీకుంటే, సరిగ్గా ఈ వర్గం అలంకారాలే మీ చేజారిపోతాయి. మెటఫర్, ఐరనీ అనువాదంలో చాలావరకు బతుకుతాయి, అమరిక మీద ఆధారపడినవి బతకవు. కెనెడీ 1961 జనవరి 20న దేశం నీకేమి చేయగలదని కాదు, దేశానికి నువ్వేమి చేయగలవని అడుగు అన్న వాక్యం తెలుగులో కూడా తలకిందులుగా తిరిగి కొంత నిలబడుతుంది, ఎందుకంటే కయాజ్మస్‌లో తారుమారయ్యేది ‘దేశం’, ‘నువ్వు’ అన్న రెండు నామాల వరస. ఆ వరస మన వాక్యంలోనూ మార్చుకోవచ్చు.

కాబట్టి పరీక్ష గదిలో పేరాను ముందు ఇంగ్లీషులోనే పెదవులు కదుపుతూ ఒకసారి చదవండి, చెవికి తగిలినవన్నీ గీత గీయండి. రెండోసారి అర్థం కోసం చదివి, నిఘంటువు అర్థంలో లేని మాటలకు గీత గీయండి. సమాధానంలో పేరు ఒక వాక్యం, అది అక్కడ ఏం చేస్తోందో రెండు వాక్యాలు రాయండి. బ్రూటస్ వాక్యం వస్తే ‘ఇందులో అనాఫరా, యాంటీథెసిస్ ఉన్నాయి’ అని ఆపేసిన కాగితానికి నేను సగం మార్కులే వేసేవాణ్ణి. మూడు ఒప్పుకోదగిన జంటల వెనుక ఒప్పుకోరాని నాలుగోదాన్ని దాటించాడని రాసినవారికి, ‘అనాఫరా’ స్పెల్లింగు తప్పు రాసినా, పూర్తి మార్కులు పడేవి.